నవ్వు ఆరిపోవడానికి ఎన్ని ఫ్రేములు?

3డీ యానిమేషన్‌లో ఒక షాట్ చేయాలనుకోండి. నోటీసు బోర్డు మీద సెలక్షన్ లిస్టులో ఒకమ్మాయి తన పేరు వెతుక్కుంటోంది. ఉంటుందన్న ధీమాతో నవ్వు ముఖం. పేరు లేదు. నవ్వు పోయి దిగులు రావాలి. సెకనుకు 24 ఫ్రేముల (ఒక్కో ఫ్రేము ఒక కదలని బొమ్మ) లెక్కన నాలుగు సెకన్ల షాట్, అంటే 96 ఫ్రేములు.

కొత్తవాళ్లు 1వ ఫ్రేములో నవ్వు పోజు, 60వ ఫ్రేములో దిగులు పోజు పెట్టి మధ్యదంతా సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తారు. 30 దగ్గరికొచ్చేసరికి నవ్వూ కాని ఏడుపూ కాని ముఖం, మైనం కరుగుతున్నట్టు. ముఖం మారడం నిజానికి చప్పున అయిపోతుంది. విషయం బుర్రకెక్కడానికే టైం పడుతుంది, ఫ్రేములు అక్కడ ఖర్చుపెట్టాలి.

1 నుంచి 24 దాకా కళ్లు లిస్టు మీద కిందికి దిగుతాయి. జారకూడదు, గెంతాలి. ఒక్కో గెంతుకి 2 ఫ్రేములు, మధ్యలో ఆగడం 5, 8, 4 ఇలా ఎగుడుదిగుడుగా. కనుగుడ్డు దిగినప్పుడల్లా పైరెప్ప కూడా కాస్త దిగాలి, లేకపోతే పైన తెల్లగుడ్డు బయటపడి బెదిరినట్టు కనిపిస్తుంది.

25లో చూపు ఆగిపోతుంది. 36 వరకు, పన్నెండు ఫ్రేములు, నవ్వు అలాగే ఉంచండి. ఏమీ జరగట్లేదనిపించి కోసేయాలని మీకే చేయి దురద పెడుతుంది. కోయకండి.

37లో రెప్ప వేయించండి. మూయడానికి 2, మూసి ఉంచడానికి 1, తెరవడానికి 4. ‘రెప్పపాటులో’ అంటామే, దాని ఖరీదు ఏడు ఫ్రేములు! రెప్ప మూసిన 39లోనే కనుబొమ్మల లోపలి కొసలు పైకి లేవడం మొదలై, 45కి చేరాలి. ఒక కనుబొమ్మని రెండు ఫ్రేములు వెనక పెట్టండి, రెండూ ఒకేసారి లేస్తే తోలుబొమ్మే. 46లో బుగ్గలు వదులవుతాయి. పెదవి కొసలు 48లో కదిలి 62 దాకా దిగుతాయి, చివరి ఐదు ఫ్రేములు బాగా నెమ్మదిగా. అంటే కొంతసేపు కళ్లలో వెలుగు పోయినా పెదవుల మీద నవ్వు మిగిలే ఉంటుంది. చూసేవాళ్ల గుండె పిండేది అదే. కొసల్ని మామూలు స్థితి దగ్గరే ఆపండి. ఇంకా కిందికి లాగితే నాటకం అయిపోతుంది.

మిగతా ఫ్రేములు మూవింగ్ హోల్డ్, అంటే పోజు ఆగినా చిన్న చిన్న కదలికలు ఉంటాయి. ఒక ఊపిరి, భుజాలు కాస్త కుంగడం, చూపు ఒకసారి పక్కకి చిన్న గెంతు. 3డీలో ముఖాన్ని పూర్తిగా బిగించేస్తే ప్రాణం లేనట్టుంటుంది.

ఇదంతా ముందు స్టెప్‌డ్ కీలలో (కీ అంటే ఒక ఫ్రేములో పెట్టిన పోజు; స్టెప్‌డ్ అంటే మధ్య కదలిక లేకుండా ఒక పోజు నుంచి ఇంకో పోజుకి గెంతడం), నాలుగే పోజులతో చూడండి. నవ్వు, ఆగడం, మూసిన రెప్ప, దిగులు. అక్కడ భావం అందకపోతే స్ప్లైన్‌కి (పోజుల మధ్య కదలికని సాఫ్ట్‌వేర్ నునుపుగా నింపే పద్ధతి) వెళ్లినా అందదు. స్ప్లైన్‌లోకి మార్చాక గ్రాఫ్ ఎడిటర్‌లో హోల్డ్‌ల (పోజు ఆగి ఉండే చోట్ల) రెండు చివర్లా హ్యాండిల్స్ అడ్డంగా చదును చేయండి. గ్రాఫ్ ఎడిటర్ కదలికని గీతగా, అంటే కర్వ్‌గా చూపిస్తుంది; ఆ గీత వంపుని మార్చే పిడులే హ్యాండిల్స్. ఆటో హ్యాండిల్స్‌కి వదిలేస్తే కర్వ్ కీని దాటిపోయి పైరెప్ప కిందిరెప్పలోకి దిగబడుతుంది, ఆగాల్సిన కనుబొమ్మ తేలుతూ ఉంటుంది.

తల తిప్పే షాటైతే, ఎనిమిది ఫ్రేముల విసురులో ముఖం మార్చకండి. ఎవరికీ కనబడదు. తిరగడానికి ముందో, తిరిగాకో మార్చండి.

చివర్లో ఆ అమ్మాయి ‘అమ్మా’ అనాలనుకోండి. ముఖం మారిన ఆరేడు ఫ్రేములకి గానీ మాట రాకూడదు. పెదాలు మూసే పోజు శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందుండాలి. ‘మామ’లోని మ కి 2 ఫ్రేములు మూస్తే సరిపోతుంది, ‘అమ్మ’లోని మ్మ కి 4 ఇవ్వండి. ఒత్తుకి రెండే ఇస్తే ‘అమా’ అన్నట్టు కనబడుతుంది.

షాట్ 30 ఫ్రేముల వేగంలో ఉంటే ఈ అంకెలన్నీ 1.25తో హెచ్చించుకోండి.