చప్పుడు లేని కారుకు ప్రకటన చిత్రం తీయడం ఎలా?

పెట్రోలు కారు ప్రకటనలో సగం పని ఇంజిన్ గర్జనే చేసిపెడుతుంది. విద్యుత్ కారుకు ఆ సాయం లేదు. కాబట్టి చెన్నైలో 30 సెకన్ల ప్రకటన తీయబోయే బృందం ప్రేక్షకుడు ఏమి చూస్తాడన్నదాని కంటే ముందు ఏమి వింటాడో తేల్చుకోవాలి.

మొదట, స్టోరీబోర్డ్ (షాట్ల వరుసను చూపే బొమ్మలు) గీయకముందే, వినిపించవలసిన శబ్దాలను వరుసగా కాగితంపై రాయండి. ఉదాహరణకు చెన్నైలోని సాలిగ్రామం పేటలో ఒక తెలుగువారి ఇల్లు, తెల్లవారుజాము, వాకిట్లో కళ్లాపి చల్లుతున్న చప్పుడు, దూరంగా పాలవాడి సైకిల్ గంట, అరుగు మీద నిద్రపోతున్న పిల్లి. ఆ పక్కనుంచే కారు బయటికి వెళ్తుంది. మిగిలిన శబ్దాలన్నీ స్పష్టంగా వినబడితేనే కారు నిశ్శబ్దం తెలుస్తుంది. అయితే వేగం పెరిగేకొద్దీ టైర్ల రొద, గాలి హోరు ఎక్కువవుతాయి కనుక ఈ షాట్‌ను నెమ్మదిగా కదిలే కారుతోనే తీయాలి.

తర్వాత మాటలు చూసుకోండి. ఒక్క ఛార్జ్‌తో ఇన్ని కిలోమీటర్లు అని చెప్పే అంకె నిర్ణీత పరీక్షా పరిస్థితుల్లో వచ్చినది. ఏసీ, వేగం, బరువులను బట్టి రోడ్డు మీద అది మారుతుంది. 1985లో ఏర్పడిన భారత ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళి ప్రకారం ఇటువంటి మాటకు ఆధారం ఉండాలి. ఆ అంకె పరీక్షలో వచ్చినదన్న షరతును ఎవరూ చదవలేని చిన్న అక్షరాల్లో దాచడం నా దృష్టిలో తెలివి కాదు.

లొకేషన్ ఎంపికలో సూర్యుడిదే పెత్తనం. చెన్నైకి సముద్రం తూర్పున ఉంది. సముద్రంలోకి దిగే సూర్యాస్తమయాన్ని స్క్రిప్టులో రాసుకుని ఈస్ట్ కోస్ట్ రోడ్డుకు వస్తే దొరకదు (మన కోస్తా జిల్లాల వారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు). ముట్టుకాడు దగ్గర ఉదయం సముద్రం వైపు, సాయంత్రం బ్యాక్‌వాటర్ వైపు వెలుగు వస్తుంది కనుక ఒకే చోట రెండు పూటలూ పని జరుపుకోవచ్చు.

చిత్రీకరణలో అసలు చిక్కు ప్రతిబింబాలు. మెరిసే కారు అద్దం లాంటిది. కెమెరా, లైట్ స్టాండ్లు, టీ గ్లాసుతో నిలబడిన సహాయకుడు, అందరూ దాని తలుపు మీద కనిపిస్తారు. అందుకే కెమెరా వైపు నల్లబట్ట కట్టి, లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టర్ తగిలించి, దాన్ని తిప్పుతూ ప్రతిబింబం ఎక్కడ తగ్గుతుందో చూడాలి. ముందు అద్దానికి సరిపోయిన కోణం పక్క తలుపుకు సరిపోకపోవచ్చు. పైగా గట్టిపరచిన పక్క అద్దాల్లో కంటికి కనబడని మచ్చలు ఫిల్టర్ వల్ల తేలుతాయి. కాబట్టి ప్రతి షాట్‌కూ మళ్లీ సరిచూసుకోక తప్పదు. రాత్రి వీధి దీపాల కింద తీసేటప్పుడు షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతుకు ఉంచితే, 50 హెర్ట్జ్ కరెంటు వల్ల వచ్చే మినుకులు చాలావరకు పోతాయి. టేక్‌కూ టేక్‌కూ మధ్య ఏసీ నడుస్తూనే ఉంటుంది కనుక దగ్గరలో ఛార్జర్ ఎక్కడుందో ముందే కనుక్కోండి.

నంబరు పలకను దాచకండి. ఆకుపచ్చ పలకపై తెల్ల అక్షరాలు కనబడితే అది సొంత విద్యుత్ కారని వేరే చెప్పవలసిన పని లేదు.

ప్రకటనను ముందు తమిళంలో తీసి ఉంటే, ఎడిటింగ్ అయ్యాక తెలుగు మాటలను తమిళ వాక్యాల కొలతకు ఇరికించకుండా కొత్తగా రాయించండి. ఆ తర్వాత చిత్రాన్ని ఫోనులో శబ్దం పూర్తిగా ఆపేసి ఒకసారి చూడండి. చాలామంది చూసేది అలాగే. శబ్దమే లేనప్పుడు కారు నిశ్శబ్దానికి సాక్ష్యం పిల్లి ఒక్కటే కనుక, కారు దాటిపోయాక కూడా అది కళ్లు తెరవని షాట్‌ను మరో రెండు సెకన్లు ఉంచండి.