అడ్వెంచరర్ 3 పక్కన కేజీ స్పూల్ తిరిగేలా స్టాండ్ చేస్కోవడం ఎలా

ఫ్లాష్‌ఫోర్జ్ అడ్వెంచరర్ 3 అనే 3డీ ప్రింటర్ వాడేవాళ్ళకి ఈ తిప్పలు తెలిసే ఉంటాయి. నాలుగు వైపులా మూసి ఉండే చిన్న మెషీన్, 150 ఎంఎం క్యూబ్ దాకా ప్రింట్ వస్తుంది, టేబుల్ మీద ఓ మూల పెట్టుకోడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ పక్కనున్న స్పూల్ (ఫిలమెంట్ అనే ప్లాస్టిక్ తీగ చుట్టిన చక్రం) అరలో అరకేజీ స్పూలే పడుతుంది. మనకి మార్కెట్లో ఎక్కువగా దొరికేది కేజీ స్పూల్, దాని వ్యాసం 200 ఎంఎం దగ్గర్లో ఉంటుంది, అది ఆ అరలో పట్టదు. కాబట్టి స్పూల్ బయటే పెట్టాలి.

ఏదో ఒక రాడ్డుకి తగిలిస్తే సరిపోతుంది కదా అంటారు, సరిపోదు. ఈ ప్రింటర్లో మోటారు పక్కన కూర్చుని ఫిలమెంట్‌ని ట్యూబ్ గుండా నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మూతి) దాకా తోస్తుంది, దానికి ఆ పనే ఎక్కువ, వెనక నుంచి స్పూల్ కూడా బిగపట్టి లాగుతుంటే గేరు పళ్ళు ఫిలమెంట్‌ని గీకేస్తాయి, పొడి రాలుతుంది, ప్రింట్ గోడలు పల్చగా వస్తాయి, లేయర్ల మధ్య సందులు పడతాయి. అందరూ నాజిల్ బ్లాక్ అయిందనుకుని నాజిల్ మార్చేస్తారు, స్పూల్ వంక చూడరు. స్టాండ్ అందంగా లేకపోయినా పర్లేదు, స్పూల్ తేలిగ్గా తిరగాలి, ఫిలమెంట్ వంకరలు లేకుండా లోపలికి పోవాలి.

నేను చెప్పేది మధ్యలో రాడ్డు దూర్చే రకం కాదు, స్పూల్ అంచులు నాలుగు బేరింగుల మీద కూర్చునే రకం. కారణం ఏంటంటే ఒక్కో కంపెనీ స్పూల్‌కి మధ్య బొక్క ఒక్కో సైజు ఉంటుంది, దీనికైతే ఆ గోల లేదు. పైగా ఎత్తు తక్కువ, పడిపోదు.

కావాల్సినవి: 608 జెడ్‌జెడ్ బేరింగులు నాలుగు (రెండు పక్కలా రేకు మూత ఉన్నవి, లోపల 8 ఎంఎం, బయట 22, మందం 7), 8 ఎంఎం థ్రెడ్ రాడ్డు, దానికి 16 నట్లు, ప్లేట్ల దగ్గర వెయ్యడానికి 8 వాషర్లు, సైడు ప్లేట్లకి 12 ఎంఎం ప్లైవుడ్ ముక్కలు రెండు. సికింద్రాబాద్ వాళ్ళకి రాణీగంజ్‌లో ఇవన్నీ ఒక్క చుట్టులో దొరుకుతాయి, వేరే ఊళ్ళలో బేరింగుల షాపూ హార్డ్‌వేర్ షాపూ చాలు. రబ్బర్ సీల్ ఉన్న 2ఆర్‌ఎస్ రకం ఇస్తే తీసుకోకండి, బరువుగా తిరుగుతాయి. సైడు ప్లేట్లు కూడా ప్రింట్ చేస్కోవచ్చు కదా అని అడుగుతారు, పీఎల్‌ఏ (మామూలుగా ప్రింట్‌కి వాడే ప్లాస్టిక్) మీద ఎప్పుడూ బరువు ఉంటే మెల్లమెల్లగా వంగిపోతుంది, మన మే నెల ఎండల్లో ఇంకా తొందరగా, అందుకే ఇక్కడ చెక్కే మేలు.

ప్లైవుడ్ ముక్కలు 160 ఎంఎం పొడవు, 50 ఎంఎం ఎత్తు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి క్లాంప్‌తో బిగించి ఒకేసారి డ్రిల్ చెయ్యండి, విడివిడిగా చేస్తే రాడ్లు వంకర పోతాయి, స్పూల్ ఒక పక్కకి జరుగుతూ ఉంటుంది. కింద అంచు నుంచి 25 ఎంఎం ఎత్తులో రెండు రంధ్రాలు, వాటి మధ్య దూరం 110 ఎంఎం. ఈ దూరంలో కేజీ స్పూల్ స్థిరంగా కూర్చుంటుంది, చిన్న స్పూల్ కూడా కిందకి తగలదు.

రాడ్డుని 160 ఎంఎం ముక్కలు రెండు కొయ్యండి. కోసే ముందే ఒక నట్టు ఎక్కించి ఉంచుకుని, కోశాక దాన్ని చివర మీదుగా తిప్పి బయటికి తీస్తే నలిగిన మరలు సరి అవుతాయి, లేకపోతే తర్వాత ఏ నట్టూ ఎక్కదు. ప్లేట్ల మధ్య లోపలి దూరం 110 ఎంఎం ఉంచి, ఒక్కో ప్లేటుకి లోపలొకటి బయటొకటి నట్టూ వాషరూ వేసి బిగించండి. ప్లేట్ల మధ్య ఒక్కో రాడ్డు మీద రెండు బేరింగులు, ఒక్కో బేరింగ్‌కి రెండు పక్కలా ఒక్కో నట్టు. బేరింగులకి మాత్రం వాషర్ వద్దు, నట్టు నేరుగా బేరింగ్ లోపలి రింగుకి ఆనాలి, వెడల్పు వాషర్ పెడితే అది పక్కనున్న రేకుకి రాసుకుని బేరింగ్ ఉండీ లేనట్టే. నట్ల మధ్య బేరింగ్ ఎక్కడుండాలో మీ స్పూల్‌ని పైన పెట్టి చూసి, అంచు సరిగ్గా బేరింగ్ మధ్యలోకి వచ్చేలా జరుపుకోండి.

బేరింగుల్లో గ్రీజు పెట్రోల్‌తో కడిగేసి వాడమని కొందరు చెప్తారు, దయచేసి చెయ్యొద్దు. స్పూల్ మరీ జారుడుగా తిరిగితే మోటారు ఆగినా అది ఆగదు, చుట్టలు వదులై ఒకదాని కిందకి ఒకటి దూరి ముడి పడుతుంది, రాత్రంతా నడిచే ప్రింట్ అక్కడితో పోతుంది. వేలితో తిప్పి వదిలితే ఓ పావు చుట్టు తిరిగి ఆగాలి, అంతే. ఇంకా తిరుగుతుంటే అంచుకి ఆనేలా చిన్న స్పాంజ్ ముక్క అంటించండి. అట్ట స్పూళ్ళకి అంచు మీద ఇన్సులేషన్ టేప్ చుట్టండి, లేకపోతే బేరింగ్ అట్టని నొక్కి గుంట చేస్తుంది, అట్ట పొడి కూడా ఫిలమెంట్‌తో లోపలికి పోతుంది.

స్టాండ్‌ని స్పూల్ అర ఉన్న వైపే పెట్టండి, అర మూత తీసేసి ఉంచండి, బాడీకి రంధ్రాలేవీ అక్కర్లేదు. స్పూల్ నుంచి మోటారు ఇన్‌లెట్ దాకా పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) ట్యూబ్ వెయ్యండి, ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, ఎక్కడా మడత పడినట్టు వంగకూడదు. ఈ ముక్కకి లోపలి వ్యాసం 2 ఎంఎం కన్నా 3 ఎంఎం అయితే 1.75 ఎంఎం ఫిలమెంట్ ఇంకా హాయిగా జారుతుంది. మోటారు దాటాక నాజిల్ దాకా ఉన్న కంపెనీ ట్యూబ్‌ని మాత్రం మార్చొద్దు, అక్కడ వదులుగా ఉంటే రిట్రాక్షన్ (మోటారు ఫిలమెంట్‌ని కాస్త వెనక్కి లాగడం) పాడవుతుంది. స్పూల్ వైపు ట్యూబ్ చివరని ఒక చిన్న బ్రాకెట్‌కి బిగించండి, ఆ బ్రాకెట్ ప్రింట్ చేస్కోవచ్చు, పెట్‌జీ (ఇంకో రకం ప్రింటింగ్ ప్లాస్టిక్) అయితే బెస్ట్.

అయ్యాక ఓ టెస్ట్ చెయ్యండి. రెండు మూడు మీటర్ల ఫిలమెంట్ చేత్తో ముందే వదులుగా లాగి ఉంచి ఒక చిన్న క్యూబ్ ప్రింట్ చెయ్యండి, మళ్ళీ అదే క్యూబ్‌ని స్పూల్ నుంచి నేరుగా లాగించి ప్రింట్ చెయ్యండి. రెండూ ఒకేలా వస్తే స్టాండ్ బావున్నట్టు, రెండోది పల్చగా వస్తే ఎక్కడో రాపిడి ఉంది, ముందు ట్యూబ్ వంపు చూడండి, తర్వాత బేరింగ్ నట్లు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఇంకొంచెం కష్టపడాలి, వానాకాలంలో బయట పెట్టిన ఫిలమెంట్ చెమ్మ పీల్చేసి నాజిల్ దగ్గర చిటపటలాడుతుంది, దారాలు దారాలుగా సాగుతుంది. ఇదే స్టాండ్‌ని గాలి చొరబడని బియ్యం డబ్బాలో దింపెయ్యండి, లోపల కనీసం 22 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు, 25 ఎత్తు ఉండాలి. పక్కన 10 ఎంఎం రంధ్రం చేసి న్యూమాటిక్ ఫిట్టింగ్ (ట్యూబ్‌ని గట్టిగా పట్టుకునే చిన్న జాయింట్) బిగించి ట్యూబ్ అందులోంచి బయటికి తియ్యండి. ఈ ఫిట్టింగులు 4 ఎంఎం బయటి వ్యాసం ట్యూబ్‌కి వస్తాయి, మీ ట్యూబ్ లావుగా ఉంటే దానికి సరిపడేది అడిగి కొనండి. లోపల ఆరెంజ్ రంగు సిలికా జెల్ పెట్టండి, ఆకుపచ్చగా మారితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర మళ్ళీ ఆరెంజ్ వచ్చేదాకా ఆరబెట్టి వాడుకోవచ్చు. ఇప్పటికే తడిసిన స్పూల్‌ని జెల్ బాగుచెయ్యలేదు, పీఎల్‌ఏ అయితే ముందు 45-50 డిగ్రీల్లో కొన్ని గంటలు ఆరబెట్టి, ఆ తర్వాతే డబ్బాలో పెట్టండి.