చాకు నీళ్ళలో పడిందా, మొన విరిగిందా? ముందు కంగారు పడకండి

మడత చాకు పోయిందంటే పక్కవాళ్ళకి అది కొన్ని వందల రూపాయల వస్తువే, కానీ ఇరవై ఏళ్ళు నాన్న జేబులో ఉండి, ఆయన బొటనవేలు తగిలి తగిలి పిడి నున్నబడిపోయిన చాకు మళ్ళీ ఏ షాపులోనూ దొరకదు. అందుకే ఇది రాస్తున్నాను. నా దగ్గరున్నది బాబాయి కువైట్ నుంచి తెచ్చి నాన్నకిచ్చిన ఎర్ర పిడి స్విస్ చాకు. ఒకసారి బోదెలో, అంటే చేలోకి నీళ్ళు పారే చిన్న కాలువలో పడింది, ఇంకోసారి మొన విరిగింది. రెండుసార్లూ అసలు దెబ్బ చిన్నదే, ఆ తర్వాత కంగారులో నేను చేసిన పనుల వల్లే ఎక్కువ పాడైంది. మీకు అలా జరక్కూడదు.

ముందు పోయిన సంగతి. చాకు బోదెలోనో, నాట్లేసిన మడిలోనో పడిందనుకోండి, వెంటనే దిగిపోవద్దు. నేను కొబ్బరి తోటలో బోదె గట్టు మీద కూర్చుని నైలాన్ తాడు కోస్తుంటే జారి పడింది, ప్యాంటు మడిచి దిగబోతుంటే పక్క చేలో పెద్దాయన ఒకరు కేకేశారు: "దిగకండి బాబూ, మీరే తొక్కి బురదలోకి దింపేస్తారు. ఆయ్, నీళ్ళు తేరనివ్వండి ముందు." ఆయన మాట వినేలోపే నేను నాలుగడుగులు వేసేశాను, ఆ నాలుగడుగులకే ఒక పూట వెతుకులాట ఎక్కువైంది. మీరు చేయాల్సింది ఒకటే, పడిన చోటికి ఎదురుగా గట్టు మీద ఒక పుల్ల గుచ్చండి, వీలైతే అవతలి గట్టు మీద ఇంకోటి. రెండు పుల్లల మధ్య గీత గీసినట్టు వెతకొచ్చు. గంట తర్వాత వచ్చి చూస్తే "ఇక్కడే ఎక్కడో" అన్నది పది గజాలు అయిపోతుంది. చాకు బరువైనది కాబట్టి బోదె పారకానికి దూరం పోదు, పడిన చోట, దానికి దిగువన రెండు మూడు అడుగుల్లో చూస్తే చాలు.

చేత్తో తడమొద్దు, తెరిచి ఉన్న చాకైతే వేళ్ళు తెగుతాయి. అయస్కాంతం వాడండి. పాడైపోయిన పెద్ద స్పీకరు ఉంటే దాని వెనకాల గుండ్రటి అయస్కాంతం ఉంటుంది, మధ్యలో కన్నం కూడా ఉంటుంది కాబట్టి నైలాన్ తాడు దూర్చి కట్టేయొచ్చు. దాన్ని అడుగున నెమ్మదిగా ఈడ్చాలి, విసిరి లాగితే చాకు మీంచి దాటిపోతుంది. స్టెయిన్‌లెస్ చాకుకి అయస్కాంతం అంటదు అనుకుంటారు చాలామంది. మన ఇంట్లో స్టీలు గిన్నెలకి అంటదు కాబట్టి అలా అనిపిస్తుంది. చాకుల ఉక్కు వేరు, పదును నిలవడానికి గట్టిపరిచే రకం స్టెయిన్‌లెస్, దానికి అయస్కాంతం బాగానే అంటుతుంది. నాది రెండో రోజు పొద్దున్న మూడు మేకులు, ఒక సైకిల్ చైను ముక్క తర్వాత వచ్చింది.

పెద్ద కాలువలో పడితే మాత్రం దయచేసి దిగకండి, ఎంత ప్రియమైన వస్తువైనా సరే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన గోదావరి డెల్టా కాలువల నీళ్ళన్నీ అక్కడి నుంచే కదా. ఎండాకాలం దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, మళ్ళీ సార్వాకి (ఖరీఫ్ వరికి) వదిలేదాకా చాలాచోట్ల అడుగు బయటపడుతుంది. రేవు మెట్టు గుర్తుపెట్టుకుని అప్పుడు వెళ్ళి చూడండి. అన్ని నెలలు నీళ్ళలో ఉన్న చాకు తుప్పు పట్టి ఉంటుంది, అయినా పిడి, రివిట్టు మిగిలితే బాగుచేసుకోవచ్చు.

ఇంకోటి, మధురపూడి విమానాశ్రయంలోనో గన్నవరంలోనో సెక్యూరిటీ దగ్గర పోగొట్టుకునేవాళ్ళు ఉన్నారు. చేతి సంచిలో చాకు తీసుకెళ్ళనివ్వరు, లగేజీలో వేసే పెద్ద బ్యాగులో పెట్టుకోవాలి. దించడానికి వచ్చినవాళ్ళని మీ తనిఖీ అయ్యేదాకా బయట ఉండమనండి, మర్చిపోయి జేబులో ఉంచుకుంటే వెనక్కొచ్చి వాళ్ళకి ఇచ్చేయొచ్చు.

సరే, చాకు దొరికింది. ఇప్పుడు తుడిచి జేబులో పెట్టేసుకోవద్దు. బ్లేడ్లన్నీ తెరిచి మంచినీళ్ళలో ముంచి, నీళ్ళలోనే ప్రతి బ్లేడూ పది పదిహేనుసార్లు మూసి తెరవండి, కీలు దగ్గర్నుంచి బురద మబ్బులా బయటికొస్తుంది. నీళ్ళు మార్చి మళ్ళీ చేయండి, మబ్బు రావడం ఆగేదాకా. ఇసుక రేణువు ఒక్కటి కీలులో ఉండిపోయినా, మడిచిన ప్రతిసారీ కరకరమంటూ లోపల గీరుతూనే ఉంటుంది. దాన్ని తీయడానికి సూదో పిన్నో వద్దు, కొబ్బరి ఈనె చాలు. చివర కొంచెం నమిలి కుంచెలా చేసుకుంటే పిడి లోపలి మూలల్లోకి కూడా వెళ్తుంది, ఇనుముని గీరదు.

పడింది ఉప్పునీళ్ళలో అయితే ఈ కడగడం ఇంకా ఎక్కువసార్లు చేయాలి. అంతర్వేది వైపు పోటు సమయంలో ఏట్లోకి సముద్రం ఎగదన్నుతుంది, భీమవరం చుట్టుపక్కల ఉప్పుటేరు నీళ్ళు, రొయ్యల చెరువులు సరేసరి. స్టెయిన్‌లెస్ అన్న పేరు చూసి మోసపోకండి. స్విస్ చాకు కంపెనీ పేరులోనే ఆ మాట ఉంది. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండ్‌లోని ఇబాక్‌లో పెట్టిన కార్ఖానా అది, 1909లో తల్లి చనిపోయాక ఆవిడ పేరు విక్టోరియా అని బ్రాండుకి పెట్టుకున్నాడు, 1921లో తుప్పు పట్టని ఉక్కు వాడకం మొదలయ్యాక ఆ రకం ఉక్కుకి ఫ్రెంచిలో ఉన్న ఇనాక్స్ అన్న మాట కలిపితే విక్టోరినాక్స్ అయింది. అంత పేరున్న ఉక్కు కూడా ఉప్పుని తట్టుకోలేదు. ఉక్కులోని క్రోమియం పైన కంటికి కనపడని ఒక పొర కడుతుంది, ఉప్పు ఆ పొరని అక్కడక్కడా తినేసి సూది మొనంత గుంటలు చేస్తుంది. ఆ గుంటలు పడ్డాక ఎంత తోమినా పోవు, కాబట్టి ఆ రాత్రికే కడగాలి, మర్నాడు కాదు.

ఆరబెట్టడం ఫ్యాను కింద, బ్లేడ్లు తెరిచి నిలబెట్టి. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, తవుడు కీలులోకి పోతుంది. చెక్క పిడి అయితే ఎండలో అసలు పెట్టకండి, పగులుతుంది, నీడన రెండు రోజులు వదిలేయాలి. ఒపినెల్ లాంటి బీచ్ చెక్క పిడి చాకులు తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది. కటింగ్ ప్లేరు పెట్టి లాగొద్దు, ఆరితే దానంతటదే వదులవుతుంది.

నూనె దగ్గర మనవాళ్ళందరం చేసే పొరపాటు ఒకటుంది. కోనసీమలో ఇల్లు కాబట్టి చేతికందేది కొబ్బరి నూనె, నేనూ అదే పోశాను. చలికాలం వచ్చేసరికి సీసాలో గడ్డకట్టినట్టే కీలులోనూ గడ్డకట్టింది, కొన్నాళ్ళకి జిగురై దుమ్ము పట్టి చాకు తెరుచుకోవడమే కష్టమైంది. వంట నూనెలన్నీ అంతే, గాలికి జిగురుగా మారతాయి. కుట్టు మిషను నూనె ఒక్క చుక్క కీలులో వేయండి, ఒక్క చుక్కే. పళ్ళూ కాయలూ కోసే చాకైతే మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ అని అడగండి, రంగూ వాసనా ఉండదు, జిగురు కట్టదు.

తుప్పుకీ మరకకీ తేడా తెలుసుకోవాలి. లేత బొండాం డొక్క, అరటి గెల, పచ్చి మామిడి కోస్తే మామూలు ఉక్కు బ్లేడు నల్లగానో నీలంగానో అవుతుంది. అది చెడు కాదు, తోమకుండా వదిలేయండి, ఆ పొర బ్లేడుని కొంత కాపాడుతుంది కూడా. ఎర్రగా, చేతికి పొడిలా అంటేదే తుప్పు. పైపైనే ఉంటే తినే సోడా ముద్ద చేసి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. మొండిగా ఉంటే ఒక రాత్రి కిరసనాయిలు తడిపిన గుడ్డ చుట్టి ఉంచి, మర్నాడు సన్నటి ఉక్కు పీచుతో బ్లేడు పొడవునా ఒకే దిక్కుగా తోమాలి. ప్లాస్టిక్ పిడికి కిరసనాయిలు తగలనివ్వకండి. నిమ్మకాయ ఉప్పు చిట్కా ఇత్తడి బిందెలకి మంచిదే, చాకుకి వద్దు, ఆ ఉప్పే మళ్ళీ తుప్పు తెస్తుంది. అరటి జిగురు నీళ్ళకి పోదు, ముందు నూనె రాసి తుడిచి ఆ తర్వాత సబ్బుతో కడగండి.

ఇప్పుడు మొన సంగతి, ఇది నాకు ఎక్కువ బాధ కలిగించింది. డబ్బా మూత తెరవబోతే రెండు మిల్లీమీటర్లు ఎగిరిపోయింది. వెంటనే బజారులో గ్రైండరున్న చోటికి తీసుకెళ్ళాను. ఆయన పొడి చక్రం మీద పెట్టి నొక్కారు, నిప్పురవ్వలు వచ్చాయి, అర నిమిషంలో మొన వచ్చింది, పక్కనే నీలం రంగు కూడా వచ్చింది. ఆ రంగు వచ్చిందంటే ఉక్కు వేడికి మెత్తబడినట్టే. మామూలు ఉక్కు దాదాపు 300 డిగ్రీల దగ్గర అలా తిరుగుతుంది, స్టెయిన్‌లెస్ అయితే ఇంకా ఎక్కువ వేడి కావాలి, అంటే ఎంత కాలిందో ఊహించుకోండి. ఆ మొనకి ఎంత పదును పెట్టినా రెండు కాగితాలకి పోతుంది. చివరికి ఆ నీలం ముక్కంతా అరగదీయాల్సి వచ్చింది. రెండు మిల్లీమీటర్ల నష్టం ఆరు మిల్లీమీటర్లు అయింది.

ఇంట్లోనే చేయొచ్చు, ఒక గంట ఓపిక ఉంటే. హార్డ్‌వేర్ షాపులో ఒకవైపు గరుకు, ఒకవైపు నున్నగా ఉండే సానరాయి దొరుకుతుంది, అది తీసుకోండి. అరగదీయాల్సింది పదును వైపు కాదు, వీపు వైపు. బ్లేడు వీపుని రాయి మీద వాల్చి, నీళ్ళు చల్లుకుంటూ, వీపు వంపు కిందికి దిగి పదును గీతని కలిసేదాకా రుద్దాలి. పదును వైపు నుంచి అరగదీస్తే మొన పైకి జరుగుతుంది, మడిచినప్పుడు పిడిలోంచి బయటికి పొడుచుకొస్తుంది, జేబులో చెయ్యి పెడితే గుచ్చుకుంటుంది. మధ్యమధ్యలో చాకు మడిచి పిడి అంచు మీద దూది ఉండ రుద్ది చూడండి. దూది పోగు పట్టుకుందా, ఇంకా అరగదీయాలి. జారిపోయిందా, చాలు.

పదును అంచులో పన్ను ఊడితే కూడా ఇదే రాయి. రెండు వైపులా పదిహేను నుంచి ఇరవై డిగ్రీల వాలు ఉండాలి. కొలవడం కష్టం కాబట్టి అంచు మీద స్కెచ్ పెన్నుతో నల్లగా గీసి రెండు మూడుసార్లు రుద్దండి. రంగు అంచు దాకా పోతే వాలు సరిగ్గా ఉంది. పైన మాత్రమే పోతే చాకు మరీ పడుకోబెట్టారు. చివరగా నున్నటి వైపు తిప్పి, బరువు తగ్గించుకుంటూ పోండి.

కీలు వదులైతే మీరు సుత్తి పట్టుకోకండి. కంసాలి దగ్గరికి తీసుకెళ్ళండి, రివిట్టు తలని చిన్న దెబ్బలతో బిగించడం వాళ్ళ చేతికి అలవాటైన పని. దెబ్బ దెబ్బకీ తెరిచి చూసుకోమని చెప్పండి, ఒక్కటి ఎక్కువైనా బిగుసుకుపోతుంది. స్విస్ చాకైతే పళ్ళపుల్ల, చిమ్టా, పిడి రేకులు విడిగా దొరుకుతాయి. కంపెనీ గ్యారంటీ ఉక్కులోనో తయారీలోనో లోపానికే, డబ్బా మూతలు తెరిచి విరగ్గొట్టుకున్నదానికి కాదు.

వానాకాలం తోలు సంచిలో ఉంచొద్దు, తోలు తేమ పీల్చి బ్లేడుకి అంటిస్తుంది. ఇక పడవ మీదో, సఖినేటిపల్లిలో ఏరు దాటించే పంటు మీదో పోయేటప్పుడు చాకు చేతిలోకి తీస్తే దానికి వల బెండు ఒకటి నైలాన్ దారంతో కట్టుకోండి. కట్టి ఊరుకోవద్దు, ముందు ఇంట్లో బకెట్టు నిండా నీళ్ళు పోసి వేసి చూడండి. ఒక్క బెండు చాలా చాకులకి చాలదు, నాదానికి మూడు పట్టాయి.