చరిత్రలో కారణాలను పరీక్షించడం – నాలుగవ పాఠం: మొదటి ప్రపంచ యుద్ధం

గత పాఠంలో ఒక సంఘటనకు సంబంధించిన తేదీలను వరుసగా పేర్చి, ప్రతి తేదీ పక్కన ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో రాసుకోవడం అభ్యాసం చేశాం. ఈ పాఠంలో ఆ పట్టికను ఎదురుగా పెట్టుకుని, పుస్తకాలలో కారణంగా చెప్పిన ప్రతి అంశాన్నీ పరీక్షించడం నేర్చుకుందాం. ఇందుకు మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. సైనికవాదం, రహస్య ఒప్పందాలు, సామ్రాజ్యవాదం, తీవ్ర జాతీయవాదం, తక్షణ కారణంగా సరయేవో హత్య (బోస్నియాలోని ఆ నగరంలో ఒక సెర్బు జాతీయవాది ఆస్ట్రియా యువరాజును చంపడం) అనే జాబితా మన పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు చదివినవారిలో చాలామందికి కంఠతా వచ్చు. జాబితాలో తప్పేమీ లేదు. కాని ఈ అయిదింటిలో ఏది ఎంత పనిచేసిందో, ఏది లేకపోయినా యుద్ధం వచ్చి ఉండేదో అది చెప్పదు. దాన్ని తేల్చుకోవలసింది చదువరే.

మొదటి పరీక్ష ఇది: అదే కారణం ఉండి కూడా యుద్ధం రాని సందర్భాలు ఉన్నాయేమో వెతకాలి. 1905లోనూ 1911లోనూ మొరాకో విషయంలో జర్మనీ, ఫ్రాన్సు ఘర్షణ పడ్డాయి. 1908లో ఆస్ట్రియా-హంగరీ బోస్నియాను తన రాజ్యంలో కలుపుకున్నప్పుడు సెర్బియా, రష్యా మండిపడ్డాయి. 1912, 1913 సంవత్సరాలలో బాల్కన్ ప్రాంతంలో ఏకంగా రెండు యుద్ధాలు జరిగాయి. ఆ రోజుల్లోనూ ఐరోపాలో కూటములున్నాయి, ఆయుధ పోటీ ఉంది, జాతీయవాదం ఉంది. అయినా మహాయుద్ధం రాలేదు. దీర్ఘకాలిక కారణాలు యుద్ధానికి అవకాశం కల్పించాయే గాని, 1914లోనే అది ఎందుకు వచ్చిందో వాటితో మాత్రమే వివరించలేమని దీనివల్ల తెలుస్తుంది. ఇక్కడ ఇంకో సంగతి కూడా గమనించండి. 1905లో జపాన్ చేతిలో ఓడిపోయిన రష్యా సైన్యం కోలుకోకపోవడం వల్లనే 1909లో బోస్నియా విషయంలో జర్మనీ ఒత్తిడికి రష్యా తలొగ్గవలసి వచ్చింది. మరోసారి అటువంటి అవమానం పడకూడదన్న పట్టుదల 1914లో ఆ దేశ నాయకుల మనసుల్లో బలంగా ఉంది. అంటే, యుద్ధం లేకుండా ముగిసిన సంక్షోభం కూడా తరువాతి సంక్షోభానికి కారణమవుతుంది.

ఇదే పరీక్షను ఒప్పందాలకు పెట్టి చూద్దాం. కూటములే దేశాలన్నిటినీ వరుసగా యుద్ధంలోకి లాగాయని చాలా పుస్తకాలు రాస్తాయి. అయితే 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియాలతో త్రైపాక్షిక కూటమిలో ఉన్న ఇటలీ 1914లో తటస్థంగా నిలబడింది. ఆ ఒప్పందం ఆత్మరక్షణకే గాని దాడికి వర్తించదని వాదించింది. 1915 మే నెలలో పాత మిత్రదేశమైన ఆస్ట్రియా మీదనే యుద్ధం ప్రకటించింది. బ్రిటన్ సంగతి దీనికి తలకిందులు: యుద్ధం వస్తే ఫ్రాన్సు పక్షాన పోరాడతామని బ్రిటన్ ఏ సంధిలోనూ మాట ఇవ్వకపోయినా యుద్ధంలోకి దిగింది. అందుకు అది చూపిన ఆధారం బెల్జియం తటస్థతకు హామీ ఇచ్చిన 1839 నాటి సంధి. కాబట్టి మీ నోట్సులో "ఒప్పందాలు" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. ఏ దేశం ఏ ఒప్పందాన్ని ఏ లెక్కతో పాటించిందో, ఏ లెక్కతో పక్కన పెట్టిందో ఒక వాక్యంలో రాయండి.

రెండవ పరీక్షకు తేదీల పట్టిక కావాలి. హత్య జరిగింది 1914 జూన్ 28న. ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది జూలై 28న. మధ్యలో సరిగ్గా నెల ఉంది. హత్యే యుద్ధాన్ని తెచ్చిందంటే ఈ నెల రోజులకు అర్థం చెప్పగలగాలి. ఆస్ట్రియా ఏ చర్య తీసుకున్నా తన మద్దతు ఉంటుందని జూలై 5న జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ హామీ ఇచ్చాడు. ఫ్రాన్సు అధ్యక్షుడు పాయింకారే రష్యా పర్యటన ముగించుకుని ఓడ ఎక్కేదాకా, అంటే ఫ్రాన్సు, రష్యా నాయకులు ఎదురుగా కూర్చుని ఆలోచించుకునే వీలు పోయేదాకా ఆగి, జూలై 23 సాయంత్రం ఆస్ట్రియా 48 గంటల గడువుతో సెర్బియాకు అల్టిమేటం (తుది హెచ్చరిక) అందించింది. సెర్బియా చాలా షరతులకు ఒప్పుకుంది. కాని తమ గడ్డ మీద జరిగే నేర విచారణలో ఆస్ట్రియా అధికారులు పాల్గొనడానికి ఒప్పుకోలేదు. ప్రధాని పాషిచ్ జూలై 25న గడువు ముగిసే వేళకు జవాబు తెచ్చి ఇస్తే, ఆస్ట్రియా రాయబారి గీజ్ల్ దాన్ని పైపైన చూసి, సంబంధాలు తెగిపోయాయని తెలియజేసి, సాయంత్రం ఆరున్నర రైలుకు బెల్‌గ్రేడ్ విడిచి వెళ్లిపోయాడు. జవాబులో ఏముందన్నది అప్పటికే అప్రస్తుతమైపోయిందని ఆ రైలు ప్రయాణమే చెబుతుంది.

మరింత ఆలోచింపజేసే సంగతి జూలై 28 ఉదయం జరిగింది. సెర్బియా జవాబు చదివిన విల్‌హెల్మ్, యుద్ధానికి ఇక కారణమేదీ మిగలలేదని ఆ కాగితం మీదనే రాశాడు. అదే రోజు ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. మరుసటి రోజు రష్యా చక్రవర్తి నికొలస్ సర్వసైన్య సమీకరణకు, అంటే సైన్యం మొత్తాన్ని యుద్ధానికి సిద్ధం చేయడానికి, ఆజ్ఞ ఇచ్చి, విల్‌హెల్మ్ పంపిన తంతి చూసి దాన్ని వెనక్కి తీసుకుని, జూలై 30న మళ్లీ జారీ చేశాడు. యుద్ధం అనివార్యమన్న మాట ఎక్కడైనా చదివితే ఈ మూడు రోజుల వరుస దగ్గరికి తిరిగి రండి. అనివార్యతను నమ్మడం వల్ల, నిర్ణయాలు తీసుకున్నవారు తమ బాధ్యత నుంచి తప్పించుకుపోతారు; లక్షలాది ప్రాణాలు పోయిన విషయంలో చదువరులుగా మనం దానికి ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

సైనికవాదం అన్న అంశం కూడా ఈ తేదీలలోనే స్పష్టమైన రూపం తీసుకుంటుంది. రష్యా సైన్యం కదలడానికి వారాలు పడుతుంది కనుక, ఆలోగా ఫ్రాన్సును సుమారు ఆరు వారాల్లో ఓడించి తరువాత తూర్పుకు తిరగాలన్నది జర్మనీ ప్రణాళిక. రష్యా సమీకరణ మొదలుపెడితే చాలు, జర్మనీకి గడియారం తిరగడం మొదలైనట్టే. ఆగస్టు 1న బ్రిటన్ తటస్థంగా ఉండవచ్చన్న ఆశతో, సైన్యాన్ని మొత్తంగా తూర్పుకు మళ్లించమని విల్‌హెల్మ్ అడిగితే, లక్షలమంది సైనికుల తరలింపును అప్పటికప్పుడు మార్చలేమని సేనాధిపతి మోల్ట్‌కే కాదన్నాడు.

ఇక ఫలితాలు. వీటికి మూడవ పరీక్ష: కారణానికీ ఫలితానికీ మధ్య ఉన్న కాలంలో ఏం జరిగిందో చూడాలి. 1919 జూన్ 28 నాటి వర్సెయిల్స్ సంధి వల్ల హిట్లర్ అధికారంలోకి వచ్చాడన్నది ప్రసిద్ధ వాక్యం. ఆ సంధి యుద్ధ బాధ్యతను జర్మనీ మీద పెట్టింది, సైన్యాన్ని లక్షమందికి పరిమితం చేసింది. 1921లో నష్టపరిహారాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా నిర్ణయించారు. కాని సంధి జరిగిన తొమ్మిదేళ్లకు, 1928 ఎన్నికల్లో నాజీలకు దక్కిన ఓట్లు 2.6 శాతమే. 1929 ఆర్థిక మాంద్యం తరువాత, 1930లో అవి 18.3 శాతమయ్యాయి. 1932 జూలై తొలి వారాల్లో లౌసాన్ సదస్సు నష్టపరిహారాన్ని దాదాపుగా రద్దు చేస్తే, అదే నెల చివర్లో జరిగిన ఎన్నికల్లో వారి వాటా 37 శాతం దాటింది. సంధి అవమానాన్నీ, దాని పేరుతో ఊరేగడానికి నినాదాలనూ ఇచ్చింది. ఆ నినాదాలకు జనం దొరికింది నిరుద్యోగం వల్ల. ఈ రెండింటినీ కలిపి చెప్పే వాక్యమే సరైన జవాబు.

నాలుగు సామ్రాజ్యాలు (జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, రష్యా, తుర్కుల ఒట్టోమన్) కూలిపోవడం అందరికీ తెలిసిన ఫలితమే. వాటిలో ఒట్టోమన్ సామ్రాజ్యం సంగతి మాత్రం నేటికీ ముగియలేదు. 1916లో బ్రిటన్, ఫ్రాన్సులు రహస్యంగా చేసుకున్న పంపకం, 1917 నవంబరులో పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం గురించి బ్రిటన్ ఇచ్చిన మాట, ఆ తరువాతి మాండేట్ పాలన (నానాజాతి సమితి అప్పగింత పేరిట ఆ రెండు దేశాలు సాగించిన పాలన) ఈనాటి సరిహద్దుల వెనుక ఉన్నాయి. ఆ పాలస్తీనా రంగంలో హైదరాబాద్ సంస్థానపు అశ్విక దళమైన హైదరాబాద్ లాన్సర్లు కూడా పోరాడారు. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ దళాలకు గుర్తుగా నిలబెట్టినవి. ఈ యుద్ధంలో పదమూడు లక్షలమంది దాకా భారతీయులు పనిచేశారు, సుమారు 74,000 మంది చనిపోయారు. బాధ్యతాయుత ప్రభుత్వం క్రమంగా ఇస్తామని 1917 ఆగస్టులో ప్రకటించిన బ్రిటిష్ ప్రభుత్వం, యుద్ధకాలపు నిర్బంధాలను శాంతికాలానికీ పొడిగిస్తూ 1919లో రౌలట్ చట్టం తెచ్చింది. ఆ చట్టం మీద వచ్చిన వ్యతిరేకతలోనే జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి.

అభ్యాసం: 1915 మే 7న జర్మనీ జలాంతర్గామి దాడిలో బ్రిటిష్ ప్రయాణికుల ఓడ లూసిటానియా మునగడం వల్ల అమెరికా యుద్ధంలోకి దిగిందని కొన్ని గైడ్లు రాస్తాయి. అమెరికా యుద్ధం ప్రకటించింది 1917 ఏప్రిల్ 6న. 1917 ఫిబ్రవరిలో జర్మనీ జలాంతర్గాముల దాడులను అడ్డూ ఆపూ లేకుండా తిరిగి మొదలుపెట్టిందనీ, మెక్సికోను అమెరికా మీదికి ఉసిగొల్పే, జర్మనీ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్ పంపిన తంతి మార్చి 1న పత్రికలకెక్కిందనీ పట్టికలో చేర్చుకుని, గైడు వాక్యాన్ని పై మూడు పరీక్షలకూ పెట్టి, మీ నిర్ణయాన్ని పది వాక్యాలకు మించకుండా రాయండి. అయిదవ పాఠాన్ని ఆ జవాబును దిద్దుకోవడంతో మొదలుపెడదాం.