మెట్రో మ్యాప్‌కి ఓ చిన్న మోడలింగ్ భాష

మెట్రో స్టేషన్లనీ మార్గాలనీ రాతలో వర్ణించే చిన్న భాష తయారుచేస్తున్నారా? వ్యాకరణం, అంటే ఏది ఎలా రాయాలో చెప్పే రూల్స్, ముట్టుకోకముందే ఆ భాషలో పది నమూనా ఫైళ్లు రాయండి. వాటిలో నాలుగైనా కావాలని తప్పుగా రాసినవి ఉండాలి. బెంగళూరు నమ్మ మెట్రోనే తీసుకుందాం:

స్టేషన్ కబ్బన్‌పార్క్;
స్టేషన్ ఎంజీరోడ్;
మార్గం పర్పుల్: కబ్బన్‌పార్క్, ఎంజీరోడ్;

ఇప్పుడు యాంట్లర్ 4లో (వ్యాకరణం ఇస్తే దాన్ని చదివే కోడ్ తయారుచేసే పనిముట్టు) లెక్సర్, అంటే రాతని మాటలుగా విడగొట్టే భాగం. కీవర్డుల (‘స్టేషన్’, ‘మార్గం’ లాంటి భాష సొంత మాటల) రూల్స్ పైన, పేరు రూల్ కింద ఉండాలి. రెండు రూల్స్‌కీ దొరికిన మాట పొడవు సమానమైతే ముందున్న రూల్‌దే గెలుపు. తారుమారైతే ‘స్టేషన్’, ‘మార్గం’ కూడా మామూలు పేర్లైపోతాయి, ఆ మాటల వరసని వ్యాకరణంతో సరిచూసే పార్సర్ మొదటి లైన్లోనే చతికిలబడుతుంది.

తెలుగులో అసలు చిక్కు వేరే ఉంది. పేరు రూల్‌కి యూనికోడ్ (అన్ని లిపుల గుర్తుల ప్రామాణిక పట్టిక) ‘అక్షరం’ వర్గం ఒక్కటే ఇస్తే ‘ఎంజీరోడ్’ అన్న పేరు ‘ఎ’ దగ్గరే తెగిపోతుంది. సున్నా, పొల్లూ, గుణింతపు గుర్తులూ ‘మార్క్’ వర్గంలోవి; దాన్నీ చేర్చండి. ఇక ‘కబ్బన్‌పార్క్’లో ‘న్’ తర్వాత కంటికి కనబడని, అక్షరాలు కలిసిపోకుండా ఆపే జీరో విడ్త్ నాన్‌జాయినర్ ఉంది. దీన్ని పేరు మధ్యలో అనుమతించి, పోల్చేటప్పుడు మాత్రం తీసేయాలి. లేదంటే ఒకే స్టేషన్ రెండుగా నమోదవుతుంది. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (రెండు రకాలుగా రాయగల అక్షరాన్ని ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) దాన్ని తీసెయ్యదు, దానిమీద ఆశ పెట్టుకోకండి.

పేర్ల తనిఖీని పార్సర్‌లో ఇరికించొద్దు. మొదటి దఫాలో స్టేషన్లన్నీ పట్టికకెక్కించి, రెండో దఫాలో మార్గాలు చూడండి; అప్పుడు స్టేషన్‌ని మార్గం కింద ప్రకటించినా ఇబ్బంది ఉండదు. లోపం చూపేటప్పుడు లైను, కాలమ్ ఇవ్వండి. కాలమ్‌ని కోడ్‌పాయింట్లలో (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఉండే సంఖ్యలు) లెక్కిస్తే తప్పుని చూపే బాణం గుర్తు పక్కకి జరుగుతుంది: ‘స్టే’ కంటికి ఒకటే, లెక్కకి నాలుగు.