ఎడిసన్ స్టాండర్డ్‌లో పాట ఒకేచోట తిరుగుతోందా? హాఫ్ నట్ కొనేముందు ఇవి చూడండి

పాట మూడు మాటల దగ్గరే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. లేదంటే నాలుగు గాడులు దాటి ముందుకు జారిపోతుంది. ఎడిసన్ స్టాండర్డ్, హోమ్ సిలిండర్ ఫోనోగ్రాఫులు (గొట్టం ఆకారపు రికార్డుల మీద పాట వినిపించే పాత యంత్రాలు) ఉన్నవాళ్లు నాకు ఎక్కువగా చెప్పే సమస్య ఇదే. నాతో చెప్పేసరికే కొత్త హాఫ్ నట్‌కి (సూదిని మోసే క్యారేజ్‌ని మరకు పట్టించి నడిపే సగం నట్టు) డబ్బు కట్టేసి ఉంటారు. అది వస్తుంది, బిగిస్తారు, పాట మళ్లీ అక్కడే తిరుగుతుంది. మనవాళ్లు ఇంతమంది ఉంటున్న న్యూజెర్సీ ఎడిసన్ పట్టణంలో మెన్లో పార్కు ఉంది. 1877లో మొదటి ఫోనోగ్రాఫ్ పలికింది అక్కడే. ఇక్కడి పాత సామాన్ల సంతల్లో ముచ్చటపడి ఈ యంత్రాన్ని కొనుక్కుని, విడిభాగాల దగ్గర మోసపోయిన తెలుగువాళ్లను చూశాను. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను.

ముందు శుభ్రం చేయండి. క్యారేజ్‌ని పక్కకు జరిపే పొడవాటి ఫీడ్ స్క్రూ మీద అంగుళానికి 100 మరలుంటాయి. అంత సన్నని మరల్లో వందేళ్ల నూనె, మైనపు పొడి గట్టిపడితే హాఫ్ నట్‌కి పట్టు దొరకదు. పాత టూత్‌బ్రష్, కొంచెం కిరోసిన్ చాలు, పది నిమిషాల పని. ఇది చేయకుండా దయచేసి ఏ భాగమూ కొనకండి.

తర్వాత సిలిండర్ ఎలాంటిదో తేల్చుకోండి. 1908 దాకా ఎడిసన్ పాటల సిలిండర్లన్నీ 2 నిమిషాలవే, అంగుళానికి 100 గాడులు. ఆ ఏడాది వచ్చిన ఆంబెరాల్‌కి 200 గాడులు, 4 నిమిషాల పాట. 1912 నాటి బ్లూ ఆంబెరాల్‌ని నీలం రంగును బట్టి పోల్చుకోవచ్చు, అదీ 4 నిమిషాలదే. చిక్కంతా నల్లటి మైనపు సిలిండర్లతోనే, రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. పక్కన మిల్లీమీటర్ స్కేలు పెట్టి భూతద్దంతో లెక్కపెట్టండి. ఒక మిల్లీమీటర్‌లో దాదాపు 4 గాడులుంటే 2 నిమిషాలది, 8 ఉంటే 4 నిమిషాలది.

ఇక యంత్రం ఏ వేగంలో క్యారేజ్‌ని జరుపుతోందో చూడాలి. మాండ్రెల్ (సిలిండర్‌ని తొడిగే, తిరిగే డ్రమ్ము) అంచున చిన్న కాగితం ముక్క అంటించండి. 15 సెకన్లలో 40 చుట్లు తిరిగితే నిమిషానికి 160, అదే సరైన వేగం. ఇప్పుడు రిప్రొడ్యూసర్ (క్యారేజ్‌లో కూర్చునే, సూది ఉండే, పాట వినిపించే భాగం) తీసేసి, సిలిండర్ లేకుండా, క్యారేజ్ దించి ఒక నిమిషం నడపండి. 2 నిమిషాల గేరులో అది సుమారు 40 మిల్లీమీటర్లు జరగాలి, 4 నిమిషాల గేరులో 20. 1908 తర్వాత పాత యంత్రాలకు కూడా 4 నిమిషాల గేరు తగిలించుకునే సామాను అమ్మారు. కాబట్టి మీది పాత మోడలే అయినా ఈ కొలత వదలొద్దు. 2 నిమిషాల సిలిండర్‌కి 4 నిమిషాల గేరు పడితే పాట అక్కడక్కడే తిరుగుతుంది. తిరగేసి పడితే ముందుకు జారుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ హాఫ్ నట్ తప్పేమీ లేదు.

గేరూ సిలిండరూ సరిపోయినా పాట జారుతోందంటే స్టైలస్‌ని, అంటే గాడిలో నడిచే సూదిమొనని, చూడండి. నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే. 2 నిమిషాల సిలిండర్లకు మోడల్ సి రిప్రొడ్యూసర్, 4 నిమిషాల మైనపు సిలిండర్లకు మోడల్ హెచ్. రెండింటి బాడీ దాదాపు ఒకటే, తేడా అంతా నీలమణి స్టైలస్‌లోనే ఉంటుంది. హెచ్ అని చెక్కి ఉన్నదాన్ని ఒక అమ్మకందారు దగ్గర కొన్నాను. ఆంబెరాల్ పెడితే పాట కొట్టుకుపోయేది, ఒక్కోసారి రెండు చరణాలు కలిసి వినిపించేవి. హాఫ్ నట్ మార్చాను, బెల్టు మార్చాను, మళ్లీ ఇంకో హాఫ్ నట్ తెప్పించాను. మూడు నెలల తర్వాత ఒక రాత్రి దాన్నీ నా పాత సి రిప్రొడ్యూసర్‌నీ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూస్తే రెండు స్టైలస్‌లూ ఒకటే! ఎప్పుడో ఎవరో విరిగిన హెచ్ ముక్క తీసేసి సి ముక్క బిగించారు. పావు మిల్లీమీటర్ గాడికి చేసిన గుండ్రటి మొన, అందులో సగం వెడల్పున్న గాడిలో ఎలా కూర్చుంటుంది? నా ఆంబెరాల్ మీద పడిన గీతలు ఇంక పోవు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తిరగేసి జరిగితే నష్టం ఇంకా ఎక్కువ. సి అని రాసి ఉన్నదాంట్లో హెచ్ స్టైలస్ ఉంటే పాట బాగానే వినిపిస్తుంది, అందుకే ఎవరూ అనుమానించరు. ఆ సన్నని మొన మాత్రం ప్రతిసారీ గాడి అడుగును కోస్తుంటుంది. పాట అయ్యాక స్టైలస్ చుట్టూ బూడిదరంగు పొడి కనిపిస్తే వెంటనే ఆపేయండి.

కాబట్టి రిప్రొడ్యూసర్ కొనేటప్పుడు పైన చెక్కిన అక్షరాన్ని నమ్మకండి. స్టైలస్ పక్కన మిల్లీమీటర్ స్కేలు పెట్టి దగ్గరి ఫొటో పంపమని అడగండి. పంపనంటే వదిలేయండి. చేతికొచ్చాక మొనకు దూది మెల్లగా తాకించండి. పోగు పట్టుకుందంటే అంచు విరిగినట్టే. మోడల్ కె అయితే రెండు స్టైలస్‌లూ ఒకదాంట్లోనే ఉంటాయి, తిప్పినప్పుడు చివరిదాకా తిరిగిందో లేదో చూసుకుంటే చాలు.

రిప్రొడ్యూసర్ల గురించి మరికొన్ని విషయాలు. మోడల్ ‘ఓ’ (O) అనేది పెద్ద రింగున్న క్యారేజ్‌కే పడుతుంది, మామూలు స్టాండర్డ్‌లో కూర్చోదు. డైమండ్ బి కూర్చుంటుంది, కానీ అది బ్లూ ఆంబెరాల్‌కి మాత్రమే. మైనపు సిలిండర్ మీద పెడితే ఆ బరువుకి, ఆ వజ్రపు మొనకి సిలిండర్ పాడైపోతుంది. కొలంబియా కంపెనీ యంత్రాల మీద ఇవే సిలిండర్లు ఆడతాయి కాబట్టి వాటి రిప్రొడ్యూసర్ కూడా ఎడిసన్‌కి పడుతుందనుకుంటారు. పడదు.

శబ్దం గరగరలాడినా, బలహీనంగా ఉన్నా డయాఫ్రమ్ (రిప్రొడ్యూసర్‌లో శబ్దం పుట్టించే పలుచని బిళ్ల) చుట్టూ ఉన్న రబ్బరు గాస్కెట్ రాయిలా గట్టిపడిందని అర్థం, మార్చేయండి. వేగం ఊగుతుంటే ముందు బెల్టు, తర్వాత వేగాన్ని అదుపు చేసే గవర్నర్ దగ్గర ఎండిన నూనె చూడండి. ఫీడ్ స్క్రూ అరిగిపోవడం, మాండ్రెల్ ఇరుసు వంగడం నేను చాలా అరుదుగా చూశాను, వాటి గురించి చివర్లో ఆలోచించవచ్చు. మెయిన్ స్ప్రింగ్ విరిగితే మోడల్ పేరు చెప్పి తెప్పించుకోకండి. పాతదాని వెడల్పు, మందం, చివరి రంధ్రం ఆకారం కొలిచి పంపండి. ముక్కలైనా పారేయకండి, కొలతలకు అవే ఆధారం.