ఫోర్ వీల్ దీపం వెలుగుతోంది, బండి మాత్రం ఇసుక తవ్వుతోంది

విజయనగరంలో ఫోర్ బై ఫోర్ బళ్ళు, అంటే నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పగల బళ్ళు ఉన్నవాళ్ళం కొందరం నెలకోసారి కలుస్తాం. వానలు వెలిసిన కొత్తలో అయితే శృంగవరపుకోట దాటాక కొండ దారులు, ఎండలు ముదరకముందు అయితే కళింగపట్నం వైపు నది ఇసుక. ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు దిగబడడం ఖాయం. దగ్గరికి వెళ్ళి నేను అడిగేది ఒకటే ప్రశ్న: "ముందు చక్రాలు తిరుగుతున్నాయా?" జవాబు ఎప్పుడూ ఒకటే: "ఫోర్ వీల్ వేశానండి." నేను అడిగింది అది కాదు కదా!

లివరు లాగినంత మాత్రాన, డాష్‌బోర్డు మీద దీపం వెలిగినంత మాత్రాన ముందు చక్రాలు తిరుగుతున్నట్టు కాదు. చూడాలి. మీరు సీట్లో కూర్చుని చూడలేరు. పక్కవాళ్ళను దింపండి. బండికి ముందూ వెనకా కాకుండా, ఓ పది అడుగులు పక్కకు జరిగి నిలబడమనండి. మొదటి గేరులో క్లచ్ మెల్లగా వదిలి, చక్రం అర చుట్టు తిరగగానే ఆపేయండి. ఏ చక్రాలు తిరిగాయో అడగండి. అర నిమిషం పని. ఈ అర నిమిషం దండగనుకుని అరగంట యాక్సిలరేటరు తొక్కి, బండిని చాసీ దాకా పాతిపెట్టుకున్నవాళ్ళను లెక్కలేనంత మందిని చూశాను. వచ్చిన జవాబును బట్టి కింద మీ సమస్య వెతుక్కోండి.

సమస్య: నాలుగూ తిరుగుతున్నాయి, అయినా కూరుకుపోతోంది

బండికి ఏ జబ్బూ లేదు. టైర్లలో గాలి ఎక్కువ. తారు రోడ్డుకు పెట్టిన 30, 32 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) తోనే ఇసుకలోకి దిగారు. 18కి దించండి. గాలి తగ్గితే టైరు వెడల్పు కాస్తే పెరుగుతుంది కానీ నేలకు ఆనే భాగం పొడవునా సాగుతుంది, బరువు పరుచుకుంటుంది, తవ్వడం మానుతుంది. పీఎస్‌ఐ 15 కంటే తగ్గిస్తే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. అందుకని గాలి తక్కువున్నప్పుడు స్టీరింగు ఒక్కసారిగా తిప్పకండి, వేగం పెంచకండి. తిరిగి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కేముందు గాలి నింపుకోవాలి. మెత్తటి టైరుతో హైవే మీద పరుగెత్తితే అది వేడెక్కి పేలిపోవచ్చు. పెద్ద గాలి పంపును సిగరెట్ లైటరు సాకెట్‌కు తగిలిస్తే ఫ్యూజు పోవచ్చు, నేరుగా బ్యాటరీకే తగిలించండి.

కొలత మీటరు లేకుండా గాలి తీసేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. మరో మాట. జనవరి నుంచి రెండు మూడు నెలలు శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ రోజుల్లో తీరపు ఇసుక మీదికి అసలు బండి దించకండి. నదీ గర్భాల్లో బోలెడంత ఇసుక ఉంది.

సమస్య: వెనక రెండూ తవ్వుతున్నాయి, ముందు రెండూ కదలడం లేదు, దీపం మాత్రం వెలుగుతోంది

నన్ను నిండా ముంచింది ఇదే.

ఇంజను వెనక రెండు చక్రాలనే తిప్పుతూ మామూలుగా నడిచేటప్పుడు ముందు యాక్సిల్ (ఇరుసు) తిరగనవసరం లేదు. తిరిగితే డీజిల్ దండగ, అరుగుదల అదనం. అందుకని చాలా బళ్ళలో చక్రానికీ యాక్సిల్‌కూ మధ్య, చక్రం నడుమనున్న హబ్‌లో ఒక పట్టు పెట్టారు. అది పట్టుకుంటేనే యాక్సిల్ తిరుగుడు చక్రానికి అందుతుంది. పాత బళ్ళలో దిగి, ముందు చక్రాల మధ్యనున్న మూతను చేత్తో "ఫ్రీ" నుంచి "లాక్"కు తిప్పాలి. అలాంటి బండి కొని మూడేళ్ళైనా ఆ మూత ఎందుకుందో తెలియని మిత్రుడు మా జట్టులోనే ఉన్నాడు. తర్వాత వచ్చిన కొన్ని బళ్ళలో ఈ పని వ్యాక్యూమ్ చేస్తుంది. ఇంజను దగ్గర పుట్టే పీల్పు ఒక వాల్వు గుండా, చిటికెన వేలంత లావు కూడా లేని రబ్బరు గొట్టంలో ముందు చక్రాల దాకా వెళ్ళి హబ్‌ను పట్టిస్తుంది. ఇంకొన్నిటిలో కరెంటు మోటారు ఉంటుంది. మీది ఏ రకమో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంది. మారుమూలలకు వెళ్ళేముందు ఏం చదవాలని కొత్తవాళ్ళు నన్ను అడుగుతుంటారు. ముందు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డాష్‌బోర్డు అరలో పడేసిన ఆ పుస్తకం చదవండి, యాత్రా పుస్తకాల సంగతి తర్వాత చూద్దాం.

దీపం ఎందుకు అబద్ధం చెబుతుందో చూడండి. చాలా బళ్ళలో ఆ దీపపు స్విచ్చి ట్రాన్స్‌ఫర్ కేసు మీద, అంటే ఇంజను శక్తిని ముందుకూ వెనక్కూ పంచే పెట్టె మీద ఉంటుంది. అక్కడ గేరు పడగానే వెలుగుతుంది. కింద హబ్ పట్టిందో లేదో దానికి తెలియదు. అక్కణ్ణుంచి ముందు యాక్సిల్‌కు వెళ్ళే కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్టు, తిరుగుతూనే ఉంటుంది, చక్రాలు మాత్రం చోద్యం చూస్తుంటాయి. పైగా రెండు హబ్‌లూ పోనక్కర్లేదు. ఒక్కటి పట్టకపోయినా ముందు రెండూ పోయినట్టే. కుడి ఎడమ చక్రాలకు తిరుగుడు పంచే పళ్ళ చక్రాల పెట్టె, డిఫరెన్షియల్, ఆ తిరుగుడంతా తేలిగ్గా తిరిగే వైపుకే ఇస్తుంది. పట్టులేని యాక్సిల్ గాల్లో తిరుగుతూ కూర్చుంటుంది, రెండో చక్రానికి ఏమీ మిగలదు.

ఆరేళ్ళ కిందట సంక్రాంతికి నరసన్నపేట దగ్గర మా అత్తవారి ఊరు వెళ్ళాను. కోతలు అయిపోయాయి. కళ్ళంలో గడ్డిమేటు పక్కన చోటుంటే బండి అక్కడ పెట్టాను, పండగ మూడు రోజులూ తీయలేదు. కనుమ మర్నాడు బావమరిదిని ఎక్కించుకుని వంశధార ఇసుకలోకి దిగాను. దీపం వెలిగింది. పాతిక గజాలు పోయేసరికి వెనక చక్రాలు దిగబడ్డాయి. నేనూ అందరిలాగే చేశాను. గాలి 18కి, ఆ తర్వాత 15కి తీశాను. పార పట్టాను. టైర్ల కింద తాటాకులు వేశాను. చివరికి ట్రాక్టరు కుర్రాడు ఒకడు వచ్చి, తాడు కట్టకముందే వంగి చూసి, "ముందు రెండూ తిరగడం లేదు బాబూ" అన్నాడు. ఈ రోజు నేను అందరినీ అడిగే ప్రశ్న ఆ కుర్రాడు పెట్టిన భిక్షే.

తర్వాత ఒక వర్క్‌షాపులో ట్రాన్స్‌ఫర్ కేసు దించి, చైను సాగిందని చెప్పి మార్చారు. తారు రోడ్డు మీద నడిపి చూపించారు, దీపం వెలిగింది, డబ్బు కట్టి వచ్చాను. తారు రోడ్డు మీద ముందు చక్రాలు ఇంజను తిప్పితే తిరుగుతున్నాయో, బండి తోస్తే తిరుగుతున్నాయో ఎవరికి తెలుస్తుంది? నెల తిరక్కుండానే బారువ దగ్గర నది ఇసుకలో మళ్ళీ అదే కథ.

రోగం దొరికింది విజయనగరంలో ఒక రేకుల షెడ్డులో. అక్కడి పెద్దాయన ఇంజను ఆన్ చేయించి, ఫోర్ వీల్ వేయించి, మూరెడు రబ్బరు పైపు తీసుకుని ఒక కొస చెవిలో పెట్టుకున్నాడు. రెండో కొసను వ్యాక్యూమ్ గొట్టం వెంట, ఫ్యాను బెల్టుకు దూరంగా, మెల్లగా జరుపుకుంటూ పోయాడు. బ్యాటరీ వెనక్కి రాగానే ఆగి, పైపు నా చెవికి ఇచ్చాడు. సన్నటి ఈల. బ్యాటరీ విప్పితే గొట్టం మీద ఉలితో పెట్టినట్టు పక్కపక్కనే రెండు గాట్లు, కింద రేకు పళ్ళెంలో గుప్పెడు వరి ఊక. ఎలుక కాపురం పెట్టింది. కోతలయ్యాక పొలాల్లో తిండి దొరకని ఎలుకలు కళ్ళాలకూ ఇళ్ళకూ చేరతాయి. ఇంజను ఇచ్చే వెచ్చదనం వాటికి ఇంకా బాగుంటుంది. కొత్త గొట్టానికి వంద రూపాయలు కూడా కాలేదు. చైనుకు ఎంతైందో మా ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

ఇన్నాళ్ళు ఎందుకు దొరకలేదంటే, ఆ కన్నం వాల్వుకు అవతల ఉంది. ఫోర్ వీల్ వేస్తే తప్ప ఆ గొట్టంలోకి పీల్పు రాదు. రోజూ నడిపేటప్పుడు, అదే పీల్పు సాయంతో పనిచేసే బ్రేకు గట్టిపడదు, ఇంజను తేడాగా తిరగదు. కాబట్టి అనుమానించడానికి ఏమీ ఉండదు.

ఇంటి దగ్గరే ఇలా పరీక్ష చేసుకోండి. మట్టి నేల మీద ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ తిరిగే మామూలు వేగపు గేరు) నేరుగా ఓ పది మీటర్లు నడిపి ఆపండి, హబ్ పళ్ళు కలవడానికి ఆ మాత్రం కదలిక కావాలి. తర్వాత గట్టి, చదును నేల మీదికి తెచ్చి చేతి బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. ఇంజను ఆన్‌లో, మెయిన్ గేరు న్యూట్రల్‌లో, ట్రాన్స్‌ఫర్ లివరు ఫోర్ హైలోనే ఉండాలి. డ్రైవరు సీట్లో ఒక మనిషి ఉండాలి. ముందు చక్రం ఒకదాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పండి. బండి కిందికి మాత్రం దూరకండి. కొంచెం ఆడి గట్టిగా పట్టుకుంటే హబ్‌లు బాగున్నట్టే. తేలిగ్గా తిరిగిపోతుంటే టార్చి వేసి చక్రం వెనకున్న యాక్సిల్ షాఫ్టు చూడండి. చక్రం తిరుగుతూ షాఫ్టు కదలకపోతే జబ్బు ఈ వైపు హబ్‌లో. షాఫ్టు కూడా చక్రంతోపాటు తిరుగుతుంటే ఈ హబ్ పట్టింది, పట్టనిది అవతలిది. ముందు ఇరుసు ఒకే గొట్టంగా ఉన్న బళ్ళలో షాఫ్టు బయటికి కనిపించదు. అప్పుడు ఏ వైపన్నది వదిలేసి గొట్టాలన్నీ వరసగా చూసుకోవడమే.

పరిష్కారం: వాల్వు నుంచి చక్రం దాకా గొట్టాన్ని వేళ్ళతో తడుముతూ పోండి, కళ్ళను నమ్మకండి. కొసల దగ్గర గట్టిపడి వదులైతే ఒక సెంటీమీటరు కోసి మళ్ళీ దూర్చండి. కన్నం పడితే గొట్టం మొత్తం మార్చండి. మందం ఉన్న వ్యాక్యూమ్ గొట్టమే అడగండి. సెలైన్ గొట్టం, అక్వేరియం గొట్టం వేసి చూసినవాళ్ళున్నారు. అవి పీల్పుకు లోపలికి నొక్కుకుపోయి అతుక్కుపోతాయి, ఇంజను వేడికి కరుగుతాయి. దారిలో అయితే కన్నం చుట్టూ తుడిచి ఇన్సులేషన్ టేపు బిగించి చుట్టండి. గాలి బయటికి తన్నదు, లోపలికే పీలుస్తుంది, కాబట్టి టేపు అతుక్కునే ఉంటుంది. ఇల్లు చేరడానికి చాలు. గొట్టాలన్నీ బాగున్నా పీల్పు నిలవకపోతే చక్రం దగ్గరి సీలు పోయి ఉంటుంది. వాగులు ఎక్కువగా దాటే బళ్ళలో నీరూ బురదా దాన్ని తినేస్తాయి. దానికి చేతి వ్యాక్యూమ్ పంపున్న మెకానిక్ కావాలి. మోటారు హబ్‌లైతే గొట్టం బదులు తీగెలు, ఎలుక మాత్రం అదే.

ఎలుకలకు కలరా ఉండలు, పొగాకు కట్టలు అన్నీ పెట్టి చూశాను. గడ్డిమేటుకు దూరంగా పెట్టడం, పొద్దున్నే బానెట్ ఎత్తి చూడడం తప్ప మరేదీ నాకు పనిచేయలేదు.

సమస్య: ముందొకటి, వెనకొకటి మాత్రమే తిరుగుతున్నాయి

కొండ దారి గాడుల్లో ఐమూలగా ఉన్న రెండు చక్రాలు గాల్లోకి లేస్తే ఇంతే. లోపం కాదు, మామూలు డిఫరెన్షియల్ స్వభావం. లేచిన చక్రం కింద రాళ్ళు పేర్చండి, లేదా వెనక్కి వచ్చి గాడి మార్చి ఎక్కండి.

సమస్య: లివరు ఫోర్ వీల్ నుంచి వెనక్కి రావడం లేదు

తారు రోడ్డు మీద ఫోర్ హై వేసి మలుపులు తిరిగారు. ముందు, వెనక యాక్సిల్‌ల తిరుగుడులో తేడా వచ్చి లోపల మెలి పడింది. లివరును సుత్తితో కొట్టినవాణ్ణి కూడా చూశాను. బండిని రివర్సులో నేరుగా నాలుగైదు మీటర్లు పోనివ్వండి, స్టీరింగు కాస్త అటూ ఇటూ ఆడించండి, దానంతట అదే జారి వస్తుంది. "ఫోర్ లో" అనే నెమ్మది గేరు పడేటప్పుడు కరకరమంటే బండి పూర్తిగా ఆపకుండా వేస్తున్నారన్నమాట. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి వేయండి.

ఇక యాక్సిల్ విరగడం, ముందు డిఫరెన్షియల్ పళ్ళు రాలడం, ట్రాన్స్‌ఫర్ కేసు చైను తెగడం. ఉంటాయి, కాదనను. అవి వచ్చినప్పుడు శబ్దమే చెబుతుంది, మీరు వెతకనక్కర్లేదు. శబ్దమేమీ లేకుండా, దీపం వెలుగుతూ, ముందు చక్రాలు మాత్రం తిరగకపోతే మెకానిక్ స్పానరు పట్టేలోపే బ్యాటరీ తీయించి, దాని వెనకున్న గొట్టం మీద టార్చి వేయమనండి.